బండికి తగ్గ ఇంజన్

“ఆ దయ్యపు ఇంజన్ ఎక్కిస్తే మా బాపు కట్టిన బండి చస్తది. తీసెయ్!”

కామారెడ్డి స్టేషన్ పక్కన మోటారు షెడ్డులో సత్తెమ్మ కొంగు నడుముకు బిగించి నిలబడింది. మెకానిక్ సాయిలు తల ఎత్తలేదు. పాడైపోయిన బస్సులోంచి విప్పిన ఆరు సిలిండర్ల ఇంజన్‌కు పెళ్ళికొడుక్కి రాసినట్టు నూనె రాస్తున్నాడు.

“నీకు కట్టె ఎరుక. ఇనుము సంగతి నాకిడువు.”

“ఆ మూలకున్న చిన్నది పెట్టు. తేలిక బండికి తేలిక ఇంజనే పెట్టాలె. ముందల బరువెక్కువైతే ఎద్దు మెడ ఇరుగుతది, తెల్వదా?”

“దీనికి ఎద్దు ఏడున్నదే?”

“ఉన్నది. పానా పట్టుకొని కూసున్నది.”

సాయిలు చెవులు ఎర్రబడ్డాయి. అతనూ సత్తెమ్మలాగే వడ్రంగం చేసే వడ్లవారి పిల్లవాడే, ఉలి వదిలి పానా పట్టాడు. చూడ్డానికి బాగుంటాడు కూడా. అందుకే సత్తెమ్మకు కోపం రెండింతలయ్యేది.

ఎల్లారెడ్డి చిన్నదొరకు రెండు సీట్ల పరుగుబండి మీద మోజు పుట్టింది. పక్క ఊరి దొర విలాయతీ మోటారును దాటిపోవాలట. ఇంజన్ పని సాయిలుకు, టేకు చట్రం పని సత్తెమ్మ తండ్రి రాములుకు ఒప్పజెప్పాడు. రాములుది తాతల నాటి వెట్టి. నాగలి చెక్కినా, బండి కట్టినా దొర ఉండే కోట, ఆ గడి నుంచి పిడికెడు గింజలు రాలవు. ఈ బండి బాగా పరుగెత్తితే వెట్టి మాఫీ అని దొర నలుగురిలో మాట ఇచ్చాడు. సత్తెమ్మ ప్రాణమంతా ఆ మాట మీదే ఉంది.

సాయిలు మాత్రం పెద్ద ఇంజనే బిగించాడు.

గడి ముందు దొర తానే స్టీరింగ్ పట్టాడు. తిన్నని బాటలో బండి దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. జనం ఈలలు వేశారు. మలుపు దగ్గర ముందు చక్రాలు మాట వినలేదు. బండి నేరుగా మక్కజొన్న చేనులోకి దూకి, ముందరి చట్రం ఫెళ్ళున విరిగింది.

దొర మీసాలకు మట్టితో లేచి వచ్చాడు. “రాములూ! పుచ్చుకట్టె పెట్టినవురా? నువ్వు సచ్చినా నీ వెట్టి పోదు!”

రాములు తల వంచుకున్నాడు. సాయిలు నేల చూపులు చూస్తున్నాడు.

దొర ముందు ఆడపిల్ల నోరెత్తకూడదు. అందుకే సత్తెమ్మ ఒళ్ళు మండిపోయి సాయిలు మీదికి వెళ్ళింది.

“నోట్ల ఏం పెట్టుకున్నవ్? మా బాపు పెట్టింది పుచ్చుకట్టెనా? చెప్పు! చెప్పకపోతే నీ మొఖం మల్ల సూడ!”

సాయిలు ముందుకొచ్చాడు. “దొరా, కట్టె మంచిదే. గల్తీ నాది. చిన్న ఇంజన్ పెట్టుమని ఈ పిల్ల మొదలే చెప్పింది. జిద్దుకు వోయి నేనే ఇనలే.”

దొర చేతిలోని బెత్తం అతని భుజం మీద రెండుసార్లు పడింది. “పది దినాలు టైమిస్తున్న. బండి సక్కగ తిరగకపోతే నువ్వు గూడ గడిలనే వెట్టి చేస్తవ్!”

సత్తెమ్మ కోపం పోలేదు. ఆ వాతలు చూసి కళ్ళు తడయ్యాయి. ఆ తడి మీద ఆమెకు ఇంకో కోపం వచ్చింది.

రాములు కొత్త చట్రం కట్టాడు. సాయిలు నోరు మూసుకుని చిన్న ఇంజన్ తెచ్చి చట్రంలోకి దించాడు. వడ్లవాళ్ళు బండి తూకం చూసేటప్పుడు ఎక్కేవాళ్ళను ఎక్కించే చూస్తారు. రాములు చట్రం నడుమ కింద దుంగ పెట్టి, “ఇద్దరు ఎక్కి కూసోండ్రి,” అన్నాడు.

“నేనా? ఈ పిలగాని పక్కనా?”

“దొర, దొరసాని మన షెడ్డుకొచ్చి కూసుంటరా? ఎక్కు బిడ్డా.”

సత్తెమ్మ ఎక్కింది. మొహం అటు తిప్పుకుంది. రేకుల మీద వాన దబదబ కొడుతోంది. సీటు ఇరుకు. భుజానికి భుజం తగిలితే ఆమె మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

“అబ్బ! గది వాతల భుజమే!”

“తెలిసే పొడిసిన.”

రాములు ఇంజన్‌ను గడ్డపారతో జానెడు వెనక్కి జరిపి, ఇంకో నాలుగు వేళ్ళు జరిపి బిగించడానికి బోల్టులు వెతుకుతూ వెళ్ళాడు.

సాయిలు మెల్లగా అన్నాడు, “నీ మాట నిజమని ఆ దినమే ఎరుక. నీ మాట ఇంటె నీకు లోకువైతననుకున్న.”

“లోకువైతే ఏమాయె?”

“లోకువైనోన్ని లగ్గం చేసుకుంటవా?”

సత్తెమ్మ మొహం ఇటు తిప్పింది. నోరు మాత్రం తగ్గలేదు. “మా బాపును దొర తిడ్తుంటె మూగోని లెక్క నిలవడ్డవ్. ఆ సంగతి మర్వ.”

“మర్వకు. దినాం యాది చెయ్యి. పక్కనే ఉంట గద.”

రాములు తిరిగొచ్చి ఆ నాలుగు వేళ్ళూ జరిపాడు. చట్రం అటూ ఇటూ ఊగి, తక్కెడ ముల్లులా నిలిచింది.

పదో రోజు చిన్న ఇంజన్ బండి ఎల్లారెడ్డి మలుపులన్నీ మేకపిల్లలా తిరిగి, పక్క ఊరి దొర మోటారును కామారెడ్డి పొలిమేరలోనే దాటేసింది. నలుగురిలో అన్న మాట మింగలేక దొర వెట్టి మాఫీ అన్నాడు. రాములు తలపాగ విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మరునాడు పొద్దున సాయిలు తల్లిదండ్రులు పిల్లనడగడానికి కుంకుమ పట్టుకుని వాకిట్లో నిలిచారు. రాములు బిడ్డ వైపు తిరిగాడు.

“నాకైతె ఇష్టమే. నీకు ఆ పిలగాని మీద కోపం పోయిందా?”

“పోలే బాపు.”

“మరి పోయేదాక ఆగుమందునా?”

“వద్దు,” అంది సత్తెమ్మ తలుపు చాటు నుంచి. “లగ్గం పెట్టు. గా కోపం వాని ఇంటికి వోయి తీర్చుకుంట.”