హీటరు గొట్టానికి చుట్టిన కంబళి

గుత్తిలో గుంతకల్లు రోడ్డు మీద, ఎడమచేతి పక్క రేకుల షెడ్డు కనపడతాది చూడండి, అది నాదే. బోర్డు లేదు. ముప్పై ఏండ్లుగా ఆడనే ఉండాను, బోర్డు దేనికి? లక్ష్మీపతి షెడ్డు యాడ అంటే ఎవరైనా దోవ చూపిస్తారు.

చలికాలం చివర్లో యాడికి ఊరి చంద్రమోహన్ అన్న ఒక కారుని లారీ మీద వేసుకోని వచ్చినాడు. ఫ్రాన్సు దేశపు కారు, రెనో. వాళ్ళ తాత కొన్నది. ఇంతే ఉంటాది, నాలుగు తలుపులు, ఇంజను వెనకాల. శనక్కాయల గోదాములో నలభై ఏండ్లు పడుండిందంట. సీట్లల్లో ఎలకలు తరతరాలుగా కాపురాలు చేసుండాయి. ఆ కంపు పోయేదానికే నాకు నెల పట్టింది.

టింకరింగు, ఇంజను, బ్రేకులు అన్నీ అయ్యేసరికి మే నెల వచ్చింది. అప్పుడు చెప్పినాడు అసలు సంగతి.

"ఊటీలో పాత కార్ల పోటీ ఉండాది లక్ష్మీపతీ. ఫ్యాక్టరీలో ఏమేముండినాయో అన్నీ ఉండల్ల, పనిచేయల్ల. హీటరు కూడా."

"హీటరా? ఈ ఎండల్లో హీటరా అన్నా?"

"ఊటీకప్పా. పోటీకనే కాదు, మనవరాలు హాసిని కూడా వస్తానంటాంది. నాలుగేండ్ల పాప. పుట్టినప్పటి నుంచి దానికి ఊపిరితిత్తులు సరిగా లేవు. చలి తగిలితే ఆయాసం ఎత్తుకుంటాది. హీటరు బాగుంటేనే తీసుకపోతా."

సరే అన్నా. టీ కొట్టు కొండప్ప విని ఒకటే నవ్వు. "ఏమప్పా, జనం వడదెబ్బకి రాలిపోతాంటే నువ్వు కారులో కుంపటి పెడతాండావా? అయినాక మా ఎనుముకి ఒక స్వెట్టరు కుట్టు!"

హీటరు పెట్టె నా అటక మీదే ఉండింది. ఎప్పుడో ఆ తాత 'ఈ కుంపటి పీకి పారేయప్పా' అంటే అప్పట్లో ఈ షెడ్డు నడిపిన మా ఎర్రన్న మేస్త్రీ పీకినాడు గాని పారేయలేదు. ఆయన ఏదీ పారేసే మనిషి కాదు. నేను తుప్పు గీకి, మోటారుకి కొత్త రాగితీగ చుట్టి, ఫ్యాను తిప్పి చూసినా. బాగా తిరిగింది.

కష్టమంతా గొట్టంతో వచ్చింది. వెనక రేడియేటరు దగ్గర కాగిన గాలి సీట్ల కింద పొడుగ్గా పోయి ముందర కాళ్ళ దగ్గర బయటికి వస్తాది. గొట్టానికి మందంగా ఏదన్నా చుట్టకపోతే దోవలోనే చల్లారిపోతాది. ఫ్యాక్టరీలో చుట్టిన ఫెల్టు గుడ్డ ఎలకలు తినేసినాయి. బళ్ళారిలో అడిగితే రెండు దినాలు ఆగమన్నారు. నాకు ఓపిక యాడిది? గొర్రెబొచ్చు అయితే వేడి నిలబెడతాది, నిప్పు పడినా భగ్గుమనదు అనుకున్నా. అటక మీద యూరియా సంచిలో ఎర్ర అంచు నల్ల కంబళి ఒకటి ఉండాది కదా అని దింపినా.

అది ఎర్రన్న మేస్త్రీది. ఆయన పోయి మూడేండ్లయింది.

నా చేతికి పానా ఇచ్చి పని నేర్పించింది ఆయనే. పెండ్లాం బిడ్డలు లేరు. కడాన మూడేండ్లు ఈ షెడ్డు వెనకాలే నులకమంచం మీద పడుండినాడు. ఊపిరితిత్తులు పుచ్చిపోయినాయి. పగలూ రాత్రీ దగ్గే. రెండు చిన్న దగ్గులు, తర్వాత ఒకటి పొడుగ్గా, లోపల్నుంచి ఈడ్చుకోని. తర్వాత బూడిద పోసిన ఆయిలు డబ్బాలో టప్పుమని ఉమ్ముతాడు. ఆ డబ్బా ఎత్తి పోసేది నేనే. ఉన్నమాట చెప్తాండా, నాకు అసహ్యమేసేది. ఆ పచ్చటి తెమడ, దాని మీద ఈగలు. డబ్బా అందకపోతే కంబళి మూలతో మూతి తుడుచుకునేవాడు. ఆ మూల ఎండిపోయి తోలు మాదిరి బిర్రుగా ఉండేది.

మా పక్క మనిషి పోతే, ఆయన పండుకున్న చాప, కప్పుకున్న కంబళి శవం వెంబడే తీసుకపోయి వల్లకాట్లో వదిలేస్తాం. ఒక్కటీ ఇంట్లో పెట్టుకోం. మేస్త్రీ చాపా దిండూ అట్లనే వదిలినాం. కంబళి కూడా వదిలేసినానని అందరికీ చెప్పినా. వదల్లేదు. ఎందుకో తర్వాత చెప్తా.

నాలుగు పట్టీలుగా కోసి గొట్టానికి చుట్టి తీగతో బిగించినా. ఆ బిర్రు మూల కనపడకుండా లోపలికి, గొట్టం పక్కకి మడిచినా. సీట్ల కింద ఉండేది ఎవరు చూడొచ్చినారు అనుకున్నా.

మధ్యాహ్నం ఒంటిగంట. రోడ్డు మీద పురుగు లేదు. రేకులు టిక్కుటిక్కుమంటాండాయి. హీటరు పట్టుకుంటాందో లేదో తెలియల్లంటే అద్దాలన్నీ ఎత్తల్ల. ఎత్తినా. తలుపులు మూసినా. ఇంజను స్టార్టు చేసి, బాగా కాగనిచ్చి, ఫ్యాను వేసినా.

మొదట గొర్రెల వాసన వచ్చింది. వస్తాదిలే అనుకున్నా. తర్వాత బీడీ వాసన. నాకు బీడీ అలవాటు లేదు. ఆ వెనకాలే పులిసిన, నీచు వాసన... బూడిద డబ్బా వాసన. వెచ్చగా వచ్చి మూతికి తగిలింది.

ఫ్యాను గాలి ఒక్క తీరుగా రావల్ల. ఇది వస్తాంది, ఆగుతాంది. వస్తాంది... ఆగుతాంది. మధ్యలో సన్నగా గురక.

అద్దాలు మసకేసినాయి. బయట నలభై మూడు డిగ్రీలు. లోపల అద్దాలకి ఆవిరి! చేత్తో తుడిచినా. తడి కాదది. జిగురు. వేళ్ళకి అంటుకోని తీగ సాగింది.

నా కాళ్ళ కింద దగ్గు వినపడింది.

రెండు చిన్నవి. తర్వాత ఒకటి పొడుగ్గా...

"లక్ష్మీపతీ..." గుసగుసగా. "సలి రా..."

తలుపు పిడి చేతికి దొరకలేదు. జారిపోతాంది. "కప్పు రా... సలి..." భుజంతో గుద్దితే తలుపు తెరుచుకుంది. కింద పడి, పొద్దున తిన్న సంగటంతా కక్కినా.

ఇంజను ఆపి, ఊపిరి బిగబట్టి, సీటు ఎత్తి తీగలు కోసినా. మూడేండ్లు ఎండిన ఆ మూల మెత్తగా నానుండాది. పచ్చగా, వెచ్చగా, ఇప్పుడే మూతి తుడుచుకున్నట్ల. థూ! ఇప్పుడు చెప్తాంటే కూడా కక్కొచ్చే మాదిరి నా నోట్లో నీళ్ళు ఊరుతాండాయి.

అదే పొద్దుకి నా భార్య ఈశ్వరి అన్నం క్యారియరు పట్టుకోని వచ్చింది. నా మొగం చూసింది, కింద పడిన పట్టీలు చూసింది. ఎర్ర అంచు గుర్తుపట్టింది.

"ఇది మేస్త్రీ కంబళి గదా? వల్లకాట్లో వదిలేసినా అంటివే?"

నేను వంగి పట్టీలు ఏరబోయినా.

"ఆయన మీదుండల్సింది అటక మీదికి ఎట్లొచ్చిందయ్యా?"

చెప్పినా. ఇంక దాచేదానికి నాకు శక్తి లేదు. ఆ డిసెంబరు రాత్రి నేను ఇంటికి బయలుదేరేటప్పుడు మేస్త్రీ దగ్గుతాండాడు. కంబళి కంపు షెడ్డంతా. తాళలేక దాన్ని లాగినా. పొద్దున ఉతికిస్తా, ఒక్క రాత్రికేమైతాది అని. ఆయన ఆ మూల పట్టుకోని వదల్లేదు. చేతిలో బలం లేకున్నా పట్టుకున్నాడు. "సలి రా లక్ష్మీపతీ" అన్నాడు. వేళ్ళు ఒకటొకటే విడదీసినా. అటక మీద పారేసి, ఇంటికి పోయి రగ్గు కప్పుకోని పండుకున్నా. తెల్లారి చూస్తే మోకాళ్ళు గడ్డానికి ఆనించి బిగుసుకోని పోయినాడు. పాడె మీద పెట్టేదానికి కాళ్ళు సాగదీయల్సి వచ్చింది. జబ్బుతో పోయినాడని అందరూ అనుకున్నారు. కంబళి దింపితే అడుగుతారని దింపలేదు.

ఈశ్వరి రెండడుగులు వెనక్కి పోయింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోని నా పక్కే చూసింది.

"ఇన్ని దినాలు నీ పక్కన పండుకున్నానా నేను," అనింది.

పొద్దు గూకకముందే ఇద్దరం వల్లకాటికి పోయినాం. మేస్త్రీని పూడ్చిన తావులో నాలుగు పట్టీలూ పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టినా. బోర్లా పడి మొక్కినా. "తప్పైపోయింది మేస్త్రీ" అన్నా. మన్ను కాలుతాండాది.

తిరిగొచ్చేటప్పుడు ఈశ్వరి ఒక్కటే మాట చెప్పింది. "చంద్రమోహన్ అన్నకి జరిగిందంతా చెప్పు. ఆ కారులో పాపని ఎక్కించద్దని చెప్పు."

"చెప్తా" అన్నా.

మరుసటి దినమే బళ్ళారి ఫెల్టు వచ్చింది. గొట్టం ఫినాయిలుతో మూడు మార్లు కడిగి, ఫెల్టు చుట్టి, అద్దాలెత్తి గంటసేపు కూర్చున్నా. వేడిగాలి, ఫినాయిలు వాసన తప్ప ఏమీ లేదు. వెనక సీటు ఎత్తి చూసినా, ముందర డిక్కీ చూసినా. శుభ్రం. చంద్రమోహన్ అన్న వచ్చి, కారు తళతళ చూసి నన్ను కావిలించుకున్నాడు. ఆయన వెంట వచ్చిన పాప హాసిని ముందర సీట్లో కూర్చోని నాకు చెయ్యి ఊపింది. చెప్పల్లనే నోరు తెరిచినా. ఏమని చెప్పేది? మేస్త్రీని చలికి చంపినానని చెప్పల్లనా? అంతా బాగైంది కదా, ఇంక దేనికి అనుకున్నా. నోరు మూసుకున్నా.

మూడో దినం సాయంత్రం ఊటీ నుంచి ఫోను. చంద్రమోహన్ అన్న మంచి ఉషారుగా ఉండాడు.

"లక్ష్మీపతీ, మనకే ఫస్టు ప్రైజప్పా! హీటరు చూసి నోరు తెరిచినారు. ఒకటే తంటా, పాప దాన్ని ఆపనీదు. ఆపితే ఏడుస్తాంది. తాతకి సలంట. నాకు చెమటలు కారుతాంటే నాకు సలేంది!"

ఫోను చెవికి అదుముకున్నా. "అన్నా... పాపని..."

"ఇంకోటప్పా, వెనక సీట్లో నల్ల కంబళి పెట్టినావే, మంచిపని చేసినావు. ఎర్ర అంచుది. దోవ పొడుగునా దాన్నే కప్పుకోని నిద్రపోయింది పాప. ఇప్పుడు కూడా వదలడం లేదు. కొంచెం కంపు ఉండాది గాని... ఒక మూల ఎప్పుడు చూసినా తడిగా ఉండాదేమప్పా?"

నాలుగు పట్టీలుగా నా చేత్తో కోసినా దాన్ని.

"అన్నా, లాగేయన్నా! దాన్ని లాగేయ్!"

"లాగితే వదలదప్పా, మూల పట్టుకోని. వేళ్ళు విడదీయల్సి వస్తాంది. ఉండు, పాపకి కొంచెం దగ్గు పట్టింది..."

ఫోనులో విన్నా. రెండు చిన్నవి. తర్వాత ఒకటి పొడుగ్గా, లోపల్నుంచి ఈడ్చుకోని.

తర్వాత డబ్బాలో టప్పుమని పడింది.