ఖాళీగా వచ్చిన డిస్క్

డిస్క్ ఖాళీగా ఉంది.

కెరిన్ హాస్‌లాక్ దాన్ని కంప్యూటర్ నుంచి పీకి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఒక్క ఫైల్ లేదు. పాస్‌వర్డ్ అయినా అడగలేదు.

మర్నాడు ఉదయం డిటెక్టివ్ సార్జెంట్ నెరిడా వాస్ హోబార్ట్ నగరం నుంచి ఈ తీరపు ఊరు డోవర్‌కి, కెరిన్ ఇంటికి వచ్చింది. కెరిన్ భర్త రోవన్ మృతి కేసు ఆమెదే.

రోవన్ అబలోన్ అనే ఖరీదైన, తినే గుల్లల కోసం సముద్రంలోకి దిగాడు. పడవ మీది కంప్రెసర్ నుంచి గొట్టం ద్వారా గాలి అందాలి. శవమై తేలాడు. పడవలో ఉన్నది అతని తమ్ముడు గ్లెన్ ఒక్కడే.

"అన్నకి గుండె ఆగింది. కంప్రెసర్ ఆగలేదు," అని గ్లెన్ అప్పుడే పోలీసులకు చెప్పాడు.

ఊపిరితిత్తుల్లో నీరుంది. గుండె రక్తనాళంలో అడ్డంకీ ఉంది. ఏది ముందో శవపరీక్ష తేల్చలేదు.

మిగిలింది రోవన్ మాస్క్‌కి బిగించిన కెమెరా. ఉప్పునీటికి దాని కార్డు పాడైంది. పోలీసు లాబ్ చేతులెత్తేసి, కార్డును కెరిన్‌కి ఇచ్చేసింది. ఆమె పట్టు వదల్లేదు. ప్రైవేటు డేటా రికవరీ లాబ్‌కి పంపింది. వీడియో దొరికిందన్నారు. సోమవారమే కోర్టులో మరణ విచారణ.

"ఎలా పంపమంటారని అడిగారు," అంది కెరిన్. "లింక్ ఇస్తే డౌన్‌లోడ్ చేసుకుంటారా, డిస్క్‌లో వేసి కొరియర్ చెయ్యమంటారా, మీరే వస్తారా అని. ఇక్కడ నెట్ సంగతి తెలిసిందేగా. నిన్న రోవన్ సంస్మరణ సభ, కదల్లేను. కొరియర్ చెయ్యమన్నాను. నాదే బుద్ధితక్కువ."

"పార్సిల్ ఎవరు తీసుకున్నారు?"

"నేనే," అన్నాడు గ్లెన్, పొయ్యి దగ్గర్నుంచి. "వదిన ఇంకా చర్చి హాల్లోనే ఉంది. సాండ్‌విచ్‌లు అయిపోతే తెద్దామని ఇంటికొచ్చాను. పావుతక్కువ పన్నెండుకి కొరియర్ డ్రైవర్ ఇచ్చి వెళ్లాడు. ఆ లాబ్ వాళ్లు నిలువునా ముంచారు సార్జెంట్! లేకపోతే డ్రైవరే ఏదో చేసుంటాడు."

వాస్ లాబ్‌కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. టెక్నీషియన్ హామిష్ లోరిమర్ పలికాడు.

"ఖాళీ డిస్కా? చాన్సే లేదు మేడమ్. నేనే కాపీ చేసి లాక్ చేశాను."

"లాక్ అంటే?"

"ఎన్‌క్రిప్షన్. పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు. దాన్ని పార్సిల్‌లో పెట్టం. కెరిన్ గారి ఫోన్‌కి మెసేజ్ చేశాం."

"పాస్‌వర్డ్ లేకుండా చెరపొచ్చా?"

"చదవడానికే పాస్‌వర్డ్. చెరపడానికి అక్కర్లేదు."

"మీ దగ్గర కాపీ ఉందా?"

అవతల కీబోర్డు చప్పుడైంది.

"ఉండేది. డిస్క్ అందింది, అన్నీ చూసుకున్నాను అని కస్టమర్ జవాబిస్తే మా కాపీ తీసేస్తాం. పాస్‌వర్డ్ మెసేజ్‌లోనే ఆ సంగతి రాస్తాం. జవాబొచ్చింది. నిన్న పొద్దున పది ఇరవైకి."

"నేనివ్వలేదు!" కెరిన్ లేచి నిలబడింది.

"మీ నంబరు నుంచే వచ్చిందమ్మా."

"అసలు కార్డు?" అడిగింది వాస్.

"చిప్ ఊడదీసి చదివాం. ఒక్కసారికి పలికింది. ఇక పలకదు."

"మీరు వీడియో చూశారా?"

"ఫైల్ తెరుచుకుందో లేదో చూశాను. పడవ అంచు, గ్లవ్ వేసుకున్న చెయ్యి. అంతే, ఆపేశాను. కస్టమర్ల వీడియోలు మేం చూడకూడదు."

వాస్ కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేసింది. డెలివరీ పదకొండు నలభై ఐదు. గ్లెన్ చెప్పింది నిజమే.

ఆమె ఫోన్ పక్కన పెట్టింది.

"కూర్చో గ్లెన్."

"పొయ్యి మీద టీ ఉంది."

"ఆపేసి కూర్చో."

కూర్చున్నాడు.

"డిస్క్ ఎవరు చెరిపారా అనే అందరం చూస్తున్నాం," అంది వాస్. "జవాబు సంగతి పట్టించుకోలేదు. అది వెళ్లింది పది ఇరవైకి. డిస్క్ ఈ గుమ్మంలోకి వచ్చింది పదకొండు నలభై ఐదుకి. ఇంకా రాని డిస్క్‌ని చూసుకున్నదెవరు? లాబ్ వాడికి కెరిన్ ఫోన్ దొరకదు. డ్రైవర్‌కీ దొరకదు. కెరిన్, అప్పుడు మీ ఫోన్ ఎక్కడుంది?"

"హ్యాండ్‌బ్యాగులో," అంది కెరిన్. "బ్యాగు గ్లెన్ ట్రక్కులో ఉంది. సభలో ఫోన్ మోగితే బాగోదని తనే తీసుకెళ్లాడు. నా ఫోన్ లాక్ తనకి తెలుసు."

వాస్ గ్లెన్ వైపు తిరిగింది.

"ముందు లాబ్ కాపీ పోగొట్టావు. తర్వాత పార్సిల్ విప్పి, చెరిపి, మళ్లీ అతికించావు. అంతేనా?"

"అంతే."

"పాస్‌వర్డ్ ఆ ఫోన్లోనే ఉంది కదా. చూశావా వీడియో?"

"లేదు."

"ఎందుకు చూడలేదు?"

"భయమేసింది." మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "ఆ రోజు నాకు కునుకు పట్టింది సార్జెంట్. లేచేసరికి కంప్రెసర్ ఆగిపోయి ఉంది. పెట్రోలు అయిపోయింది. ఎప్పుడాగిందో తెలీదు. గొట్టం లాగితే అన్న కదల్లేదు. అది ఆగాకే పోయాడో, అంతకుముందే పోయాడో... చూస్తే తెలిసిపోతుందని చూడలేదు వదినా."

కెరిన్ అతని ఎదురుగా కూర్చుంది.

"చూసుంటే నీ తప్పేం లేదని తెలిసేదేమో కదరా," అంది.

గ్లెన్ మొహం మీంచి చేతులు తీశాడు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదు.

డిస్క్‌ని అదే లాబ్‌కి తీసుకెళ్లారు. సాయంత్రం హామిష్ ఫోన్ చేశాడు. పాత డేటా మీద మొత్తం సున్నాలు నింపేశారు, ఇక ఎవరి వల్లా కాదు అన్నాడు.

సాక్ష్యం నాశనం చేసినందుకు గ్లెన్ మీద కేసు పెట్టారు. సోమవారం విచారణలో ఉన్నదంతా చెప్పాడు. మృతికి కారణం తేలలేదని కోర్టు రాసుకుంది.

కోర్టు బయట మెట్ల మీద గ్లెన్ వాస్‌ని ఆపాడు.

"నా వల్లే పోయాడంటారా?"

వాస్ అతని వైపు తిరిగింది.

"తెలీదు గ్లెన్."

కెరిన్ వాళ్లిద్దరినీ దాటుకుని, ఎవరి వైపూ చూడకుండా, వానలోకి దిగి వెళ్లిపోయింది.