సతీశ్ విసిరిన ఉంగరం

ఎదురుగా నిలబడ్డ మనిషి హెల్మెట్ తీయలేదు. సతీశ్‌కు విషయం అప్పుడే అర్థమైంది.

అది కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున వేరుశనగ పీకేసిన ఎర్రచెలక. పొద్దు గూట్లో పడుతోంది. ఆ చెలకలోనే ఓ పక్కన గొర్రెల మంద మేస్తోంది. సతీశ్ వెనక్కి అడుగేశాడు. జేబులోంచి చేయి తీసి, కుక్క మీదికి రాయి విసిరినట్టు దేన్నో మంద వైపు విసిరాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది. సతీశ్ కూలిపోయాడు. గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. కాపరి దశరథం కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చేసరికి బైక్ ఒకటి దుమ్ము లేపుకుంటూ మాయమైంది.

*

హైదరాబాద్‌లో, బోర్డు లేని ఆఫీసులో, రాంచందర్‌కు టీ ఇచ్చారు. తాగాడు. చక్కెర వేశారో లేదో తెలియలేదు.

"సతీశ్ నీకు ఎప్పటినుంచి తెలుసు?" అడిగాడు చీఫ్.

"ట్రైనింగ్ నుంచి."

"సెలవు కావాలా?"

"ఎందుకు సార్?"

టేబుల్ మీద సతీశ్ శవం ఫొటో ఉంది. రాంచందర్ దాన్ని చూశాడు. చొక్కాకు ఒక గుండీ ఊడిపోయి ఉంది. అంతకు మించి మనసుకు ఏమీ తట్టలేదు. నిన్న ఇంట్లో తలుపు వేసుకుని, ఏడుద్దామని కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. కాసేపు చూసి లేచి బట్టలు ఇస్త్రీ చేసుకున్నాడు.

"బ్లూ హెరాన్," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా. మన ఓడరేవుల్లో, డ్యాముల దగ్గర, మన ఆఫీసుల్లో మనుషుల్ని కొంటోంది. ఆ ముఠా లోపల మనకో సోర్స్ ఉన్నాడు. మామూలు గుమస్తా. పెళ్ళాం, పిల్లలు ఉన్నారు. ఇక్కడ ముఠాకు అమ్ముడుపోయింది ఎవరో తన నోటితో చెప్పి, వీడియో తీసి పంపాడు. ఆ చిప్‌ను సతీశ్ తెస్తున్నాడు. 'ఉంగరంలో దాచాను' అని చివరి మెసేజ్ పెట్టాడు."

"వేలికి ఉంగరం ఉంది కదా?"

"బంగారంది. ఎక్స్‌రే తీశాం, ఖాళీ. అంటే ఇంకో ఉంగరం ఉంది. అది ఎలా ఉంటుందో మనలో ఎవరికీ తెలియదు. ఏదో విసిరాడని మాత్రం కాపరి చెప్పాడు. ఆ ఉంగరం వాళ్ళ చేతిలో పడితే గుమస్తా మొహం చూస్తారు. ఆ తరువాత అతను ఉండడు, పిల్లలూ ఉండరు."

"పోలీసులతో చెలకంతా గాలిస్తే?"

"ఒడ్డున ఒక విదేశీ బర్డ్ ఫొటోగ్రాఫర్ తిరుగుతున్నాడు. ఇంత పొడుగు లెన్స్. పక్షుల కన్నా ఆ చెలకనే ఎక్కువ చూస్తున్నాడు. మనం వెతుకుతున్నామని తెలిసినా, అతన్ని ముందే పట్టుకున్నా అక్కడ గుమస్తా మెడకు చుట్టుకుంటుంది. అందుకే సతీశ్‌ది యాక్సిడెంట్ అని బయటికి చెప్పించాం." చీఫ్ గొంతు తగ్గించాడు. "కవర్ స్టోరీ ఇదీ. ప్రీవెడ్డింగ్ షూట్‌లో పెళ్ళికూతురు ఉంగరం పారేసుకుంది. నువ్వు ఆమె అన్నయ్యవి. పెళ్ళికూతురుగా మన నాగరాణి. వెతకడానికి మాత్రం నిజంగా ఆ పని చేసే మనిషే వస్తుంది. మహబూబ్‌నగర్‌లో స్వరూప అని ఉంది. మెటల్ డిటెక్టర్‌తో పోయిన నగలు వెతికిపెట్టడమే ఆమె వృత్తి. ఆమెకు మన సంగతి తెలియదు. ఉంగరం దొరికాక నాకు పంపాల్సిన కోడ్, 'అక్షింతలు పడ్డాయి'."

*

నాగరాణి ఆకుపచ్చ పట్టు లంగాఓణీలో కారు దిగింది. నల్ల కళ్ళద్దాలు, జడ నిండా పూలు, చేతిలో మేకప్ బాక్సు. ఆఫీసులో ఆమె కోడ్‌నేమ్ మందారం. ఎంబసీ పార్టీల్లో ఆమె నవ్వితే అవతలివాళ్ళు పాస్‌వర్డ్‌లు మరిచిపోతారని జోకులు వేసుకునేవాళ్ళు. ఆ జోకుల్లో సగం సతీశ్‌వే.

"అన్నం సహించడం లేదు రాంచందర్," అంటూ కళ్ళద్దాలు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "నీకెలా ఉంది?"

"బాగానే ఉంది."

ఆమె కన్నీళ్ళు చూసి రాంచందర్‌కు అసూయ కలిగింది.

స్వరూప అప్పటికే చెలక గట్టు మీద ఉంది. వెడల్పు టోపీ, మోకాళ్ళకు ప్యాడ్లు, నడుముకు చిన్న పార. డిటెక్టర్ కర్రకు బ్యాటరీ బిగిస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఉంగరం జారిందా, ఇసిరినరా? సిగ్గు పడకుండ్రి. కోపమొచ్చి ఇసిరినయే నాకు శానా దొరుకుతయ్."

"విసిరింది," అన్నాడు రాంచందర్. "పెళ్ళికొడుకుతో లొల్లి అయింది."

"గట్ల చెప్పుండ్రి. జారింది కాళ్ళకాడ ఉంటది. ఇసిరింది ఎటు వోయిందో ఇసిరినోళ్ళకే తెల్వది. బంగారమేనా?"

రాంచందర్ ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాడు. నాగరాణి అందుకుంది. "కాదు, టైటానియం. నల్లగా, సన్నగా ఉంటుంది."

"టైటానియమా! మంచిగ చెప్పిన్రు. బంగారం లెక్క కూయదది," అంటూ స్వరూప మిషన్ మీద ఏవో నొక్కింది.

కవర్ కోసం అల్లి చెప్పిందేమో అనుకున్నాడు రాంచందర్. మంచి అబద్ధంలో రంగూ రుచీ ఉండాలని ట్రైనింగ్‌లో అందరికీ చెప్పేదే. అయినా ఫోన్ తీసి చీఫ్‌కు మెసేజ్ కొట్టాడు. 'నల్ల టైటానియం అంటోంది. మీరు చెప్పారా?' సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మెసేజ్ పోయిందో లేదో తేలలేదు.

స్వరూప చెలకకు అడ్డంగా దారాలు కట్టి, దారం వెంట మెల్లగా నడిచింది. డిటెక్టర్ కర్ర కొసనున్న గుండ్రటి తీగచుట్టు నేలను తాకీ తాకకుండా అటూ ఇటూ ఊగుతోంది. కూసినచోటల్లా మోకాళ్ళ మీద కూర్చుని తవ్వింది. బీరు సీసాల మూతలు. నాగటి కర్రు ముక్క. ఒకసారి మట్టిలో గుండ్రంగా ఏదో మెరిసింది. నాగరాణి పరుగున వచ్చి లాక్కున్నంత పని చేసింది. చూస్తే అరిగిపోయిన పాత కాలిమెట్టె.

"ఎవలో అవ్వది," అంది స్వరూప, దాన్ని తుడిచి గట్టు మీద పెడుతూ. "జర నిమ్మలంగుండు చెల్లె. పెండ్లి ఆగదు."

దూరంగా నీళ్ళ మీద మోటారు పడవ ఒకటి నిలబడి ఉంది. అందులో లెన్స్ ఒకటి ఎండకు తళుక్కుమంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. చెలకంతా అయిపోయింది. ఉంగరం లేదు.

స్వరూప టోపీ తీసి విసురుకుంటూ, "ఇసిరంగ ఎవలన్న చూసిండ్రా?" అంది.

గట్టు కింద గొర్రెలను కాస్తున్న దశరథాన్ని రాంచందర్ పిలిచాడు. ముసలాయన గొంగడి సర్దుకుంటూ వచ్చాడు. చనిపోయిన మనిషి సంగతి ఎత్తొద్దని పోలీసులు ముందే చెప్పి ఉంచారు. చేయి మాత్రం చాపి చూపించాడు.

"గీడికెల్లి గట్ల వడ్డది. గప్పుడు గీ జాగల నేలే కనవడలె, అంత గొర్లే." బోసినోటితో నవ్వాడు. "నీ మిషను గొర్ల మీద గూడ నడుస్తదా బిడ్డా?"

స్వరూప కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మంద వైపు చూసి ఆగిపోయింది. ఉన్ని లేని తెల్ల గొర్రెల మధ్య నల్ల ఉన్ని గొర్రెలు కొన్ని ఉన్నాయి. ఒంటి నిండా పల్లేరుకాయలు అంటుకుని, ఉన్ని అట్టలు కట్టి ఉంది.

"తాతా, గా నల్లయిటికి ఉన్ని ఎప్పుడు కత్తిరిచ్చినవ్?"

"ఇంక కత్తిరియ్యలె."

"పట్టు మరి ఒక్కొక్కదాన్ని."

తన సర్వీసులో రాంచందర్ చాలా ఆపరేషన్లు చూశాడు. గొర్రెకు మెటల్ డిటెక్టర్ పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి. దశరథం ఒక్కో గొర్రె కాలు పట్టి ఆపితే, స్వరూప దాని పక్కల మీదుగా, పొట్ట కిందుగా చుట్టును తిప్పింది. ఒక పొట్టేలు దగ్గర మిషన్ గట్టిగా కూసింది. మెడలో గంట. "గంట తియ్యి తాతా, పరేషాన్ చేస్తాంది." ఇంకో గొర్రె. ఏమీ లేదు. ఆ తరువాత ఒక ముసలి గొర్రె తొడ దగ్గర సన్నగా, తడబడుతూ, మళ్ళీ మళ్ళీ అదే కూత.

స్వరూప కత్తెర తీసింది. పల్లేరుకాయలతో ముద్దకట్టిన ఉన్నిని కత్తిరించి అరచేతిలో విప్పింది. లోపల ఉంగరం.

నల్లగా ఉంది. సన్నగా ఉంది.

రాంచందర్ జేబులో ఫోన్ వణికింది. చీఫ్ జవాబు. 'నేను చెప్పలేదు. ఎవరికీ తెలియదు.'

తెలిసే వీలు ఒక్కరికే ఉంది. ఆ సాయంత్రం సతీశ్ చేతిలో దాన్ని చూసిన మనిషికి.

అతను తలెత్తేసరికి మేకప్ బాక్సు తెరిచి ఉంది. నాగరాణి చేతిలో పిస్టల్ ఉంది.

"ఉంగరం ఇలా ఇవ్వు స్వరూపా. అన్నయ్య కదిలితే ముందు ముసలాయన పోతాడు."

"ఏం పెండ్లిరా ఇది!" అంది స్వరూప పాలిపోయిన మొహంతో. ఉంగరం ఇచ్చేసింది.

"సతీశ్ నిన్ను నమ్మాడు," అన్నాడు రాంచందర్. అతని గొంతులో కోపం లేదు.

"హెల్మెట్ తీయమన్నాడు. తీయలేదు. అప్పుడు మానేశాడు నమ్మడం." ఉంగరం వేలికి తొడుక్కుంది. "అప్పుడే వెతుక్కునేదాన్ని. ఈ ముసలాయన అరిచి చెడగొట్టాడు. తెల్లారేసరికి పోలీసులు. నువ్వొచ్చి దారి చేశావు."

ఆమె వెనక్కి నడుస్తూ నీళ్ళ వైపు దిగింది. పడవ మోటారు మొదలైంది. రాంచందర్ ఆమె వెనకాలే నడిచాడు.

"ఆగు."

అతను ఆగలేదు. పిస్టల్ దగ్గింది. ఎడమ భుజం మీద ఎవరో తట్టినట్టయింది. చొక్కా ఎర్రబడింది. అతను నడుస్తూనే ఉన్నాడు.

నాగరాణి మొహంలో మొదటిసారి బెదురు కనిపించింది. "నీకు భయం లేదా?"

"భయపడదామనే ఉంది. రావడం లేదు."

ఎండాకాలం మొదలై కృష్ణ నీళ్ళు వెనక్కి పోయాయి. వదిలిపోయిన ఒండ్రు పైకి ఎండినట్టే కనిపిస్తుంది, కాలు పెడితే మింగుతుంది. నాగరాణి మోకాళ్ళ దాకా దిగిపోయింది. పట్టులంగా బురదలో పరుచుకుంది. పడవ ఆమె ముందుకొచ్చింది. ఫొటోగ్రాఫర్ వంగి చేయి చాచాడు.

"లాగు నన్ను," అరిచింది.

"రింగ్ ఫస్ట్," అన్నాడతను.

ఆమె ఒక్క క్షణం ఆ చేతిని చూసింది. పళ్ళతో ఉంగరం లాగి వేళ్ళ కొసన పట్టుకుని పైకి అందించింది. అతని వేళ్ళు ఉంగరాన్ని తాకాయి. అవి తాకిన క్షణంలోనే రాంచందర్ నిలువునా ఆమె చేతి మీద పడ్డాడు. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. ఉంగరం ఇద్దరి వేళ్ళ మధ్య నుంచి జారి బురద నీళ్ళలో మునిగిపోయింది.

సోమశిల వైపు నుంచి పోలీసు బోటు సైరన్ వినిపించింది. జవాబుతో పాటే బోటును కూడా కదిలించాడు చీఫ్. ఫొటోగ్రాఫర్ పడవ తిప్పాడు గానీ ఎక్కువ దూరం పోలేకపోయాడు. నాగరాణిని ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒండ్రులోంచి పీకి బయట వేశారు. ఆమె ఏడుస్తోంది. ఈసారి రాంచందర్‌కు అసూయ కలగలేదు.

స్వరూప గట్టు మీద కూర్చుని ఉంది. దశరథం ఆమెకు నీళ్ళిచ్చి, తన తలపాగా విప్పి రాంచందర్ భుజానికి గట్టిగా కట్టాడు.

"అది నీళ్ళలో పడింది," అన్నాడు రాంచందర్. "దాని మీద ఒక కుటుంబం బతుకు ఉంది. మళ్ళా ఎతుకుతవా అక్కా?"

స్వరూప అతని భుజం చూసింది, బురద చూసింది. "ఎవల కుటుంబం?"

"నాకు గూడ తెల్వది. ఎన్నడు చూడలె."

స్వరూప లేచి, చెప్పులు విడిచి, డిటెక్టర్ చుట్టును నీళ్ళలో ముంచుతూ ఒండ్రులోకి దిగింది. దశరథం గొంగడి కొస ఆమె నడుముకు కట్టి రెండో కొస పట్టుకున్నాడు. తూటా డొప్పలు దొరికాయి, పిస్టల్ దొరికింది, పడవ మేకు దొరికింది. పొద్దు వాలేటప్పుడు ఆమె మోచేయి దాకా బురదలోకి చేయి పెట్టి, పిడికిలి మూసి పైకెత్తింది.

రాంచందర్ కుడిచేత్తో మెసేజ్ కొట్టాడు. 'అక్షింతలు పడ్డాయి.'

*

ఆ వారంలోనే గుమస్తా, పెళ్ళాం, పిల్లలు వేరే దేశంలో విమానం దిగారు. వీడియోలో అతను చెప్పిన పేరు నాగరాణిదే. రాంచందర్‌ను మెచ్చుకున్నారు. అతను థాంక్స్ చెప్పాడు. భుజం ఇంకా మానకముందే, ఆఫీసులో మళ్ళీ కుర్చీ ఇచ్చేలోపు ఒక రోజు బస్సెక్కి మక్తల్ పోయాడు.

సతీశ్ తల్లి నర్సింగమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. కొడుకు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాడని ఆమెకు తెలిసిన సంగతి. రాంచందర్ అదే కంపెనీ అని చెప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"బండి మీదికెల్లి వడ్డడన్నరు," అంది ఆమె. "శానసేపు కష్టపడ్డడా కొడుకా?"

"లేదవ్వా. రెప్పపాటే."

ఆ ఇంట్లో అతను చెప్పిన ఒకే ఒక నిజం అది. చెప్పాక గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. మింగితే పోలేదు. చాలా రోజుల తరువాత ఒంట్లో ఏదో కదిలినందుకు అతను కదలకుండా కూర్చున్నాడు, ఎక్కడ పోతుందోనని.

నర్సింగమ్మ చేట పక్కన పెట్టి, కట్టుతో మెడకు వేలాడుతున్న అతని చేతిని చూసింది.

"నీకేమాయె?"

"నేను గూడ బండి మీదికెల్లే వడ్డ."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో ఆ చూపులో తెలియలేదు.

"గా నౌకరి ఇడిసిపెట్టు కొడుకా. జర పదిలమైంది ఇంకోటి చూస్కో."

రాంచందర్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్సూరెన్స్ కన్న పదిలమైన నౌకరి ఏముంటదవ్వా?"