పద్నాలుగు తూటాలు, ఒకే తలుపు

కోన్యా బస్టాండ్ వెనక హోటల్లో ఏజెంట్ చాతాయ్ శవం దొరికిన మర్నాడు పొద్దున, అంకారాలోని ఒక మిఠాయి దుకాణంలో చీఫ్ నెజ్దెత్ బేయ్ టీలో చక్కెర బిళ్ళలు కరిగిస్తూ కూర్చున్నాడు. ఎదురుగా ఏజెంట్ సర్పెర్. చాతాయ్, సర్పెర్ ఒకే కంచంలో తిని, ఒకే గుంటలో దాక్కున్న వాళ్ళు.

"ఏడవాలంటే తర్వాత ఏడువు. ముందు విను," అన్నాడు చీఫ్.

"ఏడవడం లేదు సార్. పొగ."

"ఇక్కడ పొగెక్కడుందిరా?"

చీఫ్ ఇంకో బిళ్ళ గ్లాసులో వేశాడు.

"బోజ్‌కాయాలో సెఫెర్ ఉస్తా అని తుపాకుల మేస్త్రి ఉన్నాడు. కొత్త షాట్‌గన్ చేశాడు. పంప్ యాక్షన్, బుల్‌పప్."

"అంటే యంత్రమంతా ట్రిగ్గర్‌కి వెనక. పొట్టి తుపాకీ."

"మనిషి పొట్టి, పొట్ట పెద్దది. పద్నాలుగు తూటాలు మింగుతుంది. కోటు కింద దాగుతుంది. ఆయుధాల దొంగలు, 'కొంగ' ముఠా కళ్ళు దాని మీద పడ్డాయి."

"డ్రాయింగులు ఎప్పుడో కొట్టేశారుగా?"

"కొట్టేశారు. వాటిని చూసి చేసిన తుపాకులన్నీ నాలుగో తూటాకే బిగుసుకుపోయాయి. అందుకని ఇప్పుడు మనిషినే ఎత్తుకుపోతారట. వాళ్ళు ఎత్తుకుపోయిన వాళ్ళెవరూ తిరిగి రాలేదు. తుపాకీ పోతే పోయింది, ముసలాయన ఇంకోటి చేసుకుంటాడు. ముసలాయన పోకూడదు. అంతే నీ మిషన్."

"అక్కడ మనవాళ్ళు?"

"జూలిదె. రెండేళ్ళుగా ముఠాలో మన కళ్ళూ చెవులూ ఆమే. 'సరస్సులో చేపలు పడుతున్నాయా' అంటుంది. నువ్వు 'వల చిరిగింది' అను." చీఫ్ జేబులోంచి ఒక పెన్ను తీశాడు. "ఇది నొక్కితే చాలు, జెండార్మ్ పోలీసుల జీపు వచ్చి వాల్తుంది."

"రాస్తుందా?"

"రాయదు."

ఇజ్మీర్ నుంచి వచ్చిన వేటసామాను వర్తకుడి వేషంలో, పెట్టుడు మీసంతో, సర్పెర్ బోజ్‌కాయాలో దిగాడు. ఇంటింటా లేతు మిషన్ తిరిగే ఊరు అది. సెఫెర్ ఉస్తా అతన్ని ఎగాదిగా చూసి, దగ్గి, "మీసం ఊడుతోంది నాయనా, లోపలికొచ్చి అతికించుకో," అన్నాడు.

నలభై ఏళ్ళు ఇనుము పాలిష్ చేసిన ధూళి ఉస్తా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. రెండు మాటలకొక దగ్గు, పది అడుగులకొక ఆగడం. అయినా తుపాకీని పరీక్షించే పని మాత్రం ఇంకొకరికి ఇవ్వడు. వర్క్‌షాప్ కింద సిమెంటు సొరంగం ఉంది. చివర ఇసుకగుట్ట, పైన పొగ లాగే ఫ్యాను, ఒకే ఒక ఇనుప తలుపు. తలుపు బయట ఒక రేకుపెట్టె.

"నీ పిస్తోలు అందులో పడెయ్. లోపలికి ఒక్క తుపాకీయే వెళ్ళాలి. మా తాతల నాటి కట్టుబాటు," అన్నాడు ఉస్తా.

సర్పెర్ పడేశాడు. లోపల కొత్త తుపాకీ చేతిలోకి తీసుకుని ఇసుకలోకి పేల్చాడు. ముందున్న పిడిని వెనక్కి లాగి ముందుకు నెట్టడం, పేల్చడం, మళ్ళీ లాగడం. వెన్నలో కత్తి దిగినట్టు పని చేసింది. మురిసిపోతూ బల్ల మీద పెట్టాడు. ఠప్పుమని వేళ్ళ మీద ఆకురాయి పిడితో దెబ్బ పడింది.

"మీట మధ్యలో పెట్టకుండా దించుతావేంరా? దీనికి తూటాలు నింపే గొట్టాలు రెండు. మీట ఎడమకుంటే ఎడమ గొట్టం తూటా ఎక్కుతుంది, కుడికుంటే కుడిది. మధ్యలో ఉంటే ఏదీ ఎక్కదు. ఖాళీ తుపాకీని సైతాను నింపుతాడంటారు మా పెద్దలు. నువ్వు నింపే పెడితే వాడికి ఆ కష్టం కూడా లేదుగా!"

రెండోసారీ మర్చిపోయాడు. రెండో దెబ్బా పడింది. పెద్ద ఏజెంటు, చిన్న బడిపిల్లాడిలా వేళ్ళు ఊదుకున్నాడు.

మధ్యాహ్నం మాంసం పరిచిన పొడవాటి రొట్టెలు తింటుండగా జూలిదె వచ్చింది. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు. నూనె కంపు కొట్టే వర్క్‌షాప్ ఒక్కసారిగా అత్తరు దుకాణమైంది.

"సరస్సులో చేపలు పడుతున్నాయా?"

"వల చిరిగింది."

"అయితే కుట్టుకోవాలి మరి," అని నవ్వింది. సొట్ట పడింది. ఆ సొట్టలో మన ఏజెంటు కూడా పడ్డాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పాపం సర్పెర్ ఎంత?

ఒక్కసారి పేల్చి చూపించమంది. తన పిస్తోలు తనే రేకుపెట్టెలో వేసి ఇద్దరితో పాటు సొరంగంలోకి దిగింది. ఉస్తా రెండు గొట్టాలూ నిండా కూరాడు. సర్పెర్ ఒకటి పేల్చాడు. తుపాకీ బల్ల మీద పెట్టి, ఎలా ఉందన్నట్టు ఆమె వైపు చూశాడు. ఉస్తా దగ్గుకుంటూ వచ్చి బల్లను పట్టుకుని నిలబడ్డాడు.

తలుపు దభాలున మూసుకుంది. బయట గడియ పడింది. ఫ్యాను ఆగిపోయింది.

సర్పెర్ తిరిగి చూసేసరికి తుపాకీ జూలిదె చేతిలో ఉంది.

"కదలకు. చాతాయ్ కూడా ఇలాగే గుడ్లప్పగించి చూశాడు," అందామె.

"వాడు నిన్ను చెల్లీ అని పిలిచేవాడు," అన్నాడు సర్పెర్.

"పిలిచేవాడు. రోజూ టీ కూడా తెచ్చిచ్చేవాడు. నమ్మినవాణ్ణి చంపడం తేలిక."

సర్పెర్ జేబులో పెన్ను నొక్కాడు. భూమి కింద నుంచి దాని కూత ఎవరికి వినపడుతుంది? కనీసం రాసేదైతే వీలునామా అయినా రాసుకునేవాడు.

పేలిన మందు పొగ కదలకుండా తలల మీద వేలాడింది. ఉస్తా గోడకు జారబడి కూర్చున్నాడు. ఛాతీలోంచి ఈల వినిపిస్తోంది.

"ఫ్యాను వెయ్యమను. ఆయనకు ఊపిరాడటం లేదు," అన్నాడు సర్పెర్.

"బయట నావాళ్ళు ఇద్దరున్నారు. లోపల ఒక్క పేలుడు వినిపిస్తేనే తలుపు తీస్తారు. వినిపించకపోతే తియ్యరు." ఆమె ఉస్తా వైపు తిరిగింది. "అంకారా ఏజెంటు నీ తుపాకీతో, నీ సొరంగంలో చచ్చాక ఈ దేశంలో ఎక్కడుంటావు ఉస్తా? నడిచి వచ్చి నువ్వే మా ట్రక్కెక్కుతావు. నీకు గాలి తొందరగా కావాలంటే వీడు తొందరగా చావాలి."

"వాణ్ణొదిలెయ్ అమ్మాయ్," ఉస్తా రొప్పాడు. "నేనొస్తా. నా చేత్తో చేసిన దాంతో... మనిషిని చంపకు."

"అది పక్షుల కోసం చేశావా ఏంటి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆగితే ముసలాయన ఊపిరి ఆగిపోతుంది. దూకితే తన గుండె జల్లెడైపోతుంది. ఒక్కటే ఆశ. మీట ఎక్కడుంది? ఆమె చెయ్యి అడ్డంగా ఉంది, కనపడదు. సర్పెర్ బుర్ర గోక్కున్నంత పని చేశాడు. పేల్చాను, దించాను, ఆ తర్వాత? అత్తరు వాసన గుర్తుంది, సొట్ట గుర్తుంది, మీట మాత్రం గుర్తులేదు. రెండు దెబ్బలు తిన్న చెయ్యి తనంతట తను పని చేసిందా? చెయ్యిని అడిగితే చెప్పదు కదా.

ఆమె పిడి లాగి నెట్టింది. పాత డొల్ల కిందపడి దొర్లింది. తుపాకీ సర్పెర్ ఛాతీ వైపు లేచింది.

ఉస్తా పెదవులు నీలంగా మారుతున్నాయి. అది చూశాక సర్పెర్‌కి లెక్కలన్నీ పోయాయి. "చాతాయ్!" అని అరిచి దూకేశాడు.

టక్.

పేలుడు లేదు. ఆమె ముఖం పాలిపోయింది. ఆదరాబాదరాగా మళ్ళీ లాగి నొక్కింది. మళ్ళీ టక్. మూడోసారికి సర్పెర్ మీద పడి తుపాకీ లాక్కున్నాడు.

"బిగుసుకుపోయింది! నాలుగో తూటా దాకా కూడా రాలేదు, అప్పుడే!" కిందపడి కూడా ఆమె నవ్వింది. "పాడైన తుపాకీతో ఏం చేస్తావు? పేలుడు వినపడకపోతే తలుపు తెరుచుకోదు. ముగ్గురం ఇక్కడే పోతాం."

సర్పెర్ మీట వైపు చూశాడు. నిటారుగా మధ్యలో నిలబడి ఉంది.

"డ్రాయింగులో రెండే ఉన్నాయి! కుడి, ఎడమ!" ఆమె గొంతు కీచుమంది.

"మూడోది... పోయిన నెల... ఆకురాయితో పెట్టా," ఉస్తా రొప్పుతూ అన్నాడు. "డ్రాయింగు మార్చడానికి... బద్ధకమేసింది."

సర్పెర్ మీట కుడికి తోసి, పిడి లాగి నెట్టి, ఇసుకగుట్టలోకి పేల్చాడు. సొరంగం దద్దరిల్లింది. బయట గడియ కదిలింది, తలుపు తెరుచుకుంది. ముఠావాళ్ళిద్దరూ నవ్వు ముఖాలతో లోపలికి తొంగిచూసి, నోట్లో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయారు.

"పన్నెండున్నాయి ఇంకా," అన్నాడు సర్పెర్, పిడి ఆడించి. "పంచిపెట్టమంటారా?"

చేతులు పైకి లేచాయి. వాళ్ళ చేతే ఫ్యాను వేయించాడు. ఆరుబయటికి రాగానే పెన్ను కూసింది. జీపు వచ్చేలోగా ముగ్గుర్నీ వాళ్ళ బెల్టులతోనే కట్టేశాడు. జూలిదె స్కార్ఫు మాత్రం ఉస్తా ముఖం తుడవడానికి పనికొచ్చింది.

సాయంత్రం వర్క్‌షాప్ గుమ్మంలో ఉస్తా టీ తాగుతూ హాయిగా దగ్గుతున్నాడు. పెదవులకు రంగు వచ్చింది. సర్పెర్ ఆయన పక్కన చతికిలబడి, ఈసారి పొగ సాకు చెప్పకుండానే చాతాయ్ కోసం కాసేపు ఏడ్చాడు. ఉస్తా అతని వీపు నిమిరాడు.

కళ్ళు తుడుచుకున్నాక సర్పెర్ కొంచెం గర్వంగా చెయ్యి చూపించాడు. "మొత్తానికి నీ దెబ్బలు వృథా కాలేదు ఉస్తా. నేను మర్చిపోయినా నా చెయ్యి మర్చిపోలేదు."

ఠప్పుమని ఆ చేతి మీదే పడింది ఆకురాయి పిడి.

"నువ్వెక్కడ పెట్టావురా? ఆ పిల్ల సొట్ట చూస్తూ అలాగే పారేశావు. దగ్గుకుంటూ వచ్చి తిప్పింది నేను! అది సరే, ఇప్పుడెలా పెట్టావో చూడు."

సర్పెర్ బల్ల మీద తను దించిన తుపాకీ వైపు చూశాడు. మీట కుడివైపే ఉంది. రెండో చెయ్యి చాచాడు.