తూర్పు గ్యాలరీలో దీపం

తూర్పు గ్యాలరీ మంచిది కాదని మా వైపు అందరికీ తెలుసు. పగలు చూస్తే భయపడేదేమీ లేదు. పాత ఫుట్‌బాల్ స్టేడియంలో పగుళ్లిచ్చిన పదహారు వరుసలు, రంగు వెలిసిన కుర్చీలు, పైన తుప్పు పట్టిన రేకులు. పగలు అక్కడ కూర్చుని మా క్లబ్బు ఓడిపోవడం చూసేవాళ్లం. చీకటి పడ్డాక మాత్రం... అటు వెళ్లినవాళ్లు వెళ్లినట్టు తిరిగి రాలేదు.

వేరుశనక్కాయలు అమ్మే అతను మర్చిపోయిన బుట్ట కోసం వెళ్లాడు. మూడు రోజులు మాట పడిపోయింది. నాలుగో రోజు నోరు తెరిచి, "పోదాం అంటోంది" అన్నాడు. ఏది అంటోంది, ఎక్కడికి పోదామంటోంది — చెప్పలేదు. రాత్రి కాపలావాడు ఒక్క చెప్పుతో ఇల్లు చేరి, రెండో చెప్పు కూడా క్లబ్బుకే వదిలేస్తున్నానని రాజీనామా రాసిచ్చాడు. ప్రేమించుకుందామని వెళ్లిన జంట ఒకటి ఏదో మూలుగు విని పరుగెత్తుకొచ్చి, ఎవరిళ్లకు వాళ్లు పోయి బుద్ధిగా పరీక్షలకు చదువుకున్నారు.

ఇక మా బాబాయి సంగతి. ఆయన ఆ గ్రౌండు మనిషి. గడ్డి కొయ్యడం, నీళ్లు పెట్టడం, సున్నంతో గీతలు గియ్యడం — ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. కాపురం కూడా అక్కడే, పడమటి గ్యాలరీ మెట్ల కింద రెండు గదుల్లో. గడ్డి కోసే మనిషి కదా, మాటల్లో కూడా కోతలు కోస్తాడు. కానీ ఇది చెప్పినప్పుడు పక్కనే మా పిన్ని కూర్చుని ఎక్కడికక్కడ సరిచేసింది కాబట్టి మీరు నమ్మొచ్చు.

అప్పటికి పదకొండేళ్లుగా క్లబ్బు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంది. ఈ స్టేడియాన్ని బాగు చేయించుకోవాలా? ఊరి బయటికి పోయి కొత్తది కట్టుకోవాలా? లేక ఇక్కడే పడగొట్టి మళ్లీ లేపాలా? కమిటీలో తొమ్మిది మంది. ఒక్కో దానికి ముగ్గురు. తాడో పేడో తేలేది కాదు.

పైగా వాళ్లకొక నియమం ఉంది. క్లబ్బు పెట్టిన పెద్దలు మాట మీద నిలబడే మనుషులు. తూర్పు గ్యాలరీ దీపం వెలుగుతుండగా కమిటీ ఎదుట పలికిన మాటను పలికింది పలికినట్టు తీర్మానంగా రాసుకోవాలని పుస్తకంలో పెట్టి పోయారు. అప్పటి దీపం పోయి పెద్ద ఫ్లడ్‌లైట్లు వచ్చాయి. నియమం మాత్రం పోలేదు. ఒకసారి రంగుల గురించి గంటసేపు గొడవపడి, ఒకాయన విసుగుతో, "అంతా తీసుకెళ్లి ఆకుపచ్చలో ముంచండి!" అన్నాడు. ఇంకొకాయన నవ్వి సై అన్నాడు. గేటు, గోడలు, టిక్కెట్ల గది, తాళం, తాళంచెవి, తూకం యంత్రం — అన్నీ ఆకుపచ్చ అయిపోయాయి.

అప్పట్నుంచి సమావేశాలు మహా ప్రశాంతం. నెలకోసారి తొమ్మిది మందీ గ్యాలరీలో కూర్చుని దీపం వేసేవారు. పెదవులు బిగించుకుని అరగంట ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. తర్వాత దీపం ఆర్పి ఇళ్లకు పోయేవారు.

ఎవరి బాధ వాళ్లది, మా బాబాయికి గడ్డి బాధ. బాగు చేయిస్తేనే ఆయన బతుకుతాడు. క్లబ్బు వెళ్లిపోతే ఈ నేలను అమ్మేస్తారు, గడ్డి మీద దుకాణాలు లేస్తాయి. పడగొట్టి కడితే గడ్డిని లారీలకెత్తుతారు. పిన్నికి ఆ బెంగ లేదు. ఆమెకు గోడలు చెమ్మగిల్లని ఇల్లు కావాలి, కిటికీ తెరిస్తే మెట్లు కాకుండా ఆకాశం కనబడాలి. ఊరి బయట కట్టబోయే స్టేడియం బొమ్మలో పనివాళ్ల ఇళ్లకు బాల్కనీలున్నాయి. ఆ బొమ్మను ఆమె వంటగదిలో అంటించుకుంది.

ఇంతలో పురపాలక కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. నెలాఖరులోగా తేల్చకపోతే గేటుకు తాళం వేస్తారట. గ్రౌండు పనికొస్తుందో లేదో చూడటానికి మర్నాడు పొద్దున్నే ఇంజనీరు వస్తాడట. నేల మీద నీళ్లు నిలబడి కనిపిస్తే ఇక ఇక్కడ ఉండే మాటే లేదు.

ఆ రాత్రి పదకొండు దాటాక, నిద్రపోతున్న బాబాయిని పిన్ని మోచేత్తో పొడిచింది.

"ఏవండీ... కుళాయి కట్టారా?"

బాబాయి లేచి కూర్చున్నాడు. గోలు ముందు కొత్త గడ్డికి నీళ్లు వదిలిన కుళాయి. సాయంత్రం వదిలింది వదిలినట్టే ఉంది. అదెక్కడుందంటే... తూర్పు గ్యాలరీ కింద.

"పొద్దున్న కడితే?" అన్నాడు బాబాయి.

"పొద్దున్నకి పడవ వేసుకుని వెళ్లొచ్చు."

నిజానికి ఆమె ఆ మాట అడక్కుండా ఊరుకుంటే బాల్కనీ వచ్చేసేది. అడక్కుండా ఉండలేకపోయింది. ముప్పై ఏళ్ల అలవాటు అంత తేలిగ్గా పోదు.

బాబాయి టార్చి పట్టుకుని బయల్దేరాడు. అడ్డంగా గ్రౌండు దాటాలి. మధ్య గీత దాకా ధైర్యంగా నడిచాడు. మధ్య గీత దాటగానే అడుగులు చిన్నవయ్యాయి. పాదాల కింద తడి... ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు... ఎదురుగా నల్లగా గ్యాలరీ.

టార్చి ఆరిపోయింది. రెండుసార్లు అరచేతికేసి కొట్టాడు. వెలగలేదు.

తడుముకుంటూ మెట్ల కిందికి దూరాడు. కుళాయి చేతికి తగిలింది. ఒక చుట్టు తిప్పాడు, రెండు చుట్లు తిప్పాడు. నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది.

"పోదాం..."

సరిగ్గా నెత్తి మీద, కుర్చీల్లోంచి.

"పోదాం... ఇక్కడ మనకింకేముంది... పోదాం..."

"ఎక్కడికి పోతాం?" ఇంకో గొంతు, బొంగురుగా. "ఇన్నేళ్లూ ఇక్కడే పడి ఉన్నాం... ఇక్కడే ఉండిపోదాం..."

"కూల్చండి..." మూడో గొంతు. "మొత్తం కూల్చండి... మళ్లీ లేపండి..."

బాబాయి కుళాయి మీంచి చెయ్యి తీసేశాడు. మెట్ల సందులోంచి తలెత్తి చూశాడు. చీకట్లో ఎర్రగా కళ్లు... మూడు. జంటగా లేవు. ఒక్కో చోట ఒక్కొక్కటి, వెలుగుతూ, మసకబారుతూ. ఎవరో మూలిగారు. ఎవరి మోకాలో కటుక్కుమంది.

గోడ పట్టుకుని మెల్లగా గ్రౌండులోకి జారుకున్నాడు. ఇంకో పది అడుగులు వేస్తే పరుగందుకునేవాడే. అంతలో వెనక నుంచి నాలుగో గొంతు, తీరిగ్గా —

"గడ్డి తీసేద్దాం... ప్లాస్టిక్‌ది పరుద్దాం... దానికి నీళ్లక్కర్లేదు... కొయ్యక్కర్లేదు... మనిషే అక్కర్లేదు..."

మా బాబాయి ఆగిపోయాడు.

దెయ్యాలంటే ఆయనకు భయమే. కానీ ప్లాస్టిక్ అన్న మాటకి భయం కాస్తా కోపమైపోయింది. వెనక్కి తిరిగి, చీకట్లోకి చెయ్యి చూపిస్తూ, గొంతు చించుకున్నాడు.

"పోతే మీరంతా పొండి! నేను మాత్రం ఈ గడ్డి వదిలి రాను! చచ్చేదాకా ఇక్కడే ఉంటా, దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు!"

మొదటి మాట ఇంకా నోట్లో ఉండగానే... ఫ్లడ్‌లైట్లు భగ్గున వెలిగాయి.

గ్యాలరీ నిండా వెలుతురు. అందులో తొమ్మిది మంది. పళ్ల డాక్టరు — ఆయనే అధ్యక్షుడు — నోట్లో సిగరెట్టుతో. రిటైరైన లెక్కల మాస్టారు — ఆయన కార్యదర్శి — చంకలో పుస్తకంతో. మోకాలు రుద్దుకుంటూ పాత గోల్‌కీపరు. మిగతా ఆరుగురూ దుప్పట్లు కప్పుకుని, అందులో ఇద్దరు వేళ్ల మధ్య సిగరెట్లతో, దొరికిపోయిన దొంగల్లా చూస్తున్నారు.

దీపం ఉంటే మాట్లాడకూడదు, మాట్లాడితే రాసుకోవాలి. అందుకని పదకొండేళ్లుగా వీళ్లు రాత్రుళ్లు చీకట్లో కూర్చుని వాదించుకుంటున్నారన్నమాట! వేరుశనక్కాయల అతని మాట పడిపోయింది వీళ్ల వల్ల. కాపలావాడి ఉద్యోగం పోయింది వీళ్ల వల్ల. బాబాయికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

కానీ పైన ఒక్కరూ కదలడం లేదు, ఒక్కరూ నోరు విప్పడం లేదు. మాస్టారు మెల్లగా కలం తీశాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. మాట పలికినవాడు సభ్యుడై ఉండాలని పెద్దలు ఎక్కడా రాయలేదు.

"ఏమైందండీ?" అన్నాడు బాబాయి.

మాస్టారు అదీ రాసుకున్నాడు.

అరుపు విని పిన్ని చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "కుళాయి కట్టారా?" అంది వస్తూనే. మాస్టారు అదీ రాసుకున్నాడు. డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు.

బాబాయికి అప్పుడు తట్టింది. క్లబ్బు వెళ్లిపోవాలి, గ్రౌండూ గడ్డీ ఆయన బతికినన్నాళ్లూ ఆయన చేతిలో ఉండాలి. దీపం వెలుగులో పలికాడు, మాస్టారు రాశాడు. గుండె పొంగిపోయింది.

మాస్టారు పుస్తకం తిప్పి, పేజీ అడుగున వేలు పెట్టి చూపించాడు. బలపరిచినవారు — పక్కన ఖాళీ. దీపం ఆరేలోపు ఎవరో ఒకరు బలపరచకపోతే తీర్మానం వీగిపోయినట్టే.

తొమ్మిది మందీ ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిది చేతిరుమాళ్లు తొమ్మిది నోళ్ల మీదికి వెళ్లాయి.

బాబాయి పాత గోల్‌కీపరు వైపు చూశాడు. ఆయన ఆడే రోజుల్లో, పడ్డప్పుడు దెబ్బ తగలకూడదని గోలు ముందు గడ్డి ఒక వేలెత్తు ఎక్కువ వదిలేవాడు బాబాయి. ఆయన తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు.

బాబాయి పిన్ని వైపు తిరిగాడు. ఏ గొంతైనా చాలు కదా. ఒక్క మాట చాలు.

పిన్ని నోరు మూసుకుంది.

"కాపురంలో అదొక్కసారే నోరు మూసుకుంది, అమ్మాయ్," అన్నాడు బాబాయి నాతో.

"ఆ చెమ్మ గోడలు తుడిచింది నేను కదా," అంది పిన్ని. ఆమె కళ్లలో ఇప్పుడు కూడా నీళ్లు తిరిగాయి. "ఆ రాత్రి ఈయన ముఖం చూడలేక చీపురు వంక చూశాను. కానీ నోరు తెరవలేదు. తెరవనంటే తెరవను."

డాక్టరు జేబులోంచి తాళంచెవి తీసి, గ్యాలరీ వెనక స్విచ్చుల గది వైపు నడిచాడు. దీపం ఆర్పేస్తే సరి. మిగతా ఎనిమిది మందీ మెట్లు దిగి ఆయన వెనకాల నడిచారు. బాబాయి, పిన్ని కూడా నడిచారు. గ్యాలరీలో ఎవరూ మిగల్లేదు.

గదికి బయట తాళం వేసింది వేసినట్టే ఉంది. డాక్టరు తాళం తీసి తలుపు తోశాడు.

మెయిన్ స్విచ్ ఆపేసే ఉంది. దాని మీద దుమ్ము చెదరలేదు.

డాక్టరు వెనక్కి తిరిగి ఎనిమిది మందినీ చూశాడు. నువ్వు వేశావా అని కనుబొమలెగరేశాడు. ఎనిమిది తలలు అడ్డంగా ఊగాయి. బయట దీపాలు మాత్రం పట్టపగల్లా వెలుగుతున్నాయి...

అప్పుడు, వెనక — ఖాళీ గ్యాలరీలోంచి —

"బలపరుస్తున్నాం."

ఒక్క గొంతు కాదు. పదహారు వరుసలూ నిండా జనముంటే ఎలా పలుకుతుందో అలా పలికింది.

దీపాలు ఆరిపోయాయి.

ఆ చీకట్లో ఎవరు ఏ దారిన పరుగెత్తారో ఎవరికీ తెలియదు. పొద్దున్న ఇంజనీరు వచ్చేసరికి గ్రౌండు శుభ్రంగా ఆరి ఉంది, ఆరు దుప్పట్లు మాత్రం కుర్చీల మీద ఉన్నాయి. మాస్టారు అబద్ధం రాయలేని మనిషి. బలపరిచినవారు అన్న చోట "తూర్పు గ్యాలరీ" అని రాసి, లెక్క తేలలేదని పక్కన చిన్నగా పెట్టాడు. ఏడాది తిరక్కుండానే క్లబ్బు ఊరి బయటికి పోయింది. ఇక్కడి గడ్డి ఇక్కడే ఉంది. పిన్ని రెండు నెలలు బాబాయితో మాట్లాడలేదు. తర్వాత ఆయనే గోడలకు కొత్త పూత వేసి, మెట్లలో ఒక దిమ్మె తొలిచి, వంటగదికి ఆకాశం కనబడే కిటికీ పెట్టాడు.

"ఆ గొంతులు విన్నాక కూడా అక్కడే ఎలా ఉంటున్నావు బాబాయ్? భయం వెయ్యదా?" అని అడిగాను.

"భయమెందుకమ్మాయ్?" అన్నాడు బాబాయి. "వాళ్లేం చేశారు పాపం? చచ్చాకైనా ప్రశాంతంగా ఉందామని వచ్చినవాళ్లు. పదకొండేళ్లు ఆ తొమ్మిది మందీ నెత్తిన కూర్చుని వాదించుకుంటుంటే విన్నారు. ఆ రాత్రి మొదటిసారి ఎవడో వచ్చి, మీరంతా పొండి అన్నాడు. వాళ్ల చోట నేనున్నా బలపరిచేవాణ్ణే."