బావి అడిగిన పేరు

మర్రిగూడ వైపు ఆ ఊళ్లో బోరు నీళ్లు తాగితే పళ్లు పచ్చబడతాయి, మోకాళ్లు వంకర పోతాయి. జానయ్య బావి నీళ్లు తాగితే మాత్రం ఏమీ కాదు. అందుకే పెండ్లిచూపులకు వచ్చినవాళ్లకు ముందు ఆ బావిని చూపించి, తర్వాత పిల్లను చూపించేవాళ్లు. జానయ్య పోయాక అతణ్ని బావి పక్కనే, సొంత చెలకలోనే పెట్టి సమాధి కట్టారు. పడుకొనే బావికి కాపలా కాస్తున్నాడని ఊరి నమ్మకం. బతికున్నప్పుడూ పడుకొనే కాసేవాడని ఆయన భార్య యాదలక్ష్మి అనేది.

తర్వాత క్వారీ వచ్చింది. నల్లరాయి కోసం గుట్టను తిన్నారు. గుట్ట అయిపోయాక దాని కింది నేలను తిన్నారు. గుంత బావులకన్నా లోతుకు పోయేసరికి ఊటలన్నీ అటు మళ్లాయి. గుంతలో నిండిన నీళ్లను రాతిపొడితో, డీజిల్‌తో సహా మోటార్లతో వాగులోకి తోడిపోశారు. వాగు మజ్జిగలా పారింది. తాగిన చూడి బర్రెల కడుపులు పోయాయి. హోటల్ పరమేష్ ఒక్కడే, ఆ నీళ్లతో చాయ్ కాస్తే పాలు తక్కువ పడుతున్నాయని మురిశాడట.

క్వారీకి ఊరిని ఒప్పించినవాడు జానయ్య తమ్ముడు వీరేశం. ఇంటికో నౌకరీ వస్తుందన్నాడు. ఒకే ఇంటికి వచ్చింది, అది వాడి ఇల్లు. నౌకరీ వెంట తెల్లచొక్కా వచ్చింది, దాని వెంట పొట్ట వచ్చింది.

ఆ ఏడు పెద్దలకు పెట్టే పెత్రమాస నాటికి జానయ్య బావి కూడా ఎండింది. యాదలక్ష్మి మరిది వాకిట్లో నిలబడి, వాడి అన్నకు పెట్టడానికి చెంబెడు నీళ్లు కూడా లేకుండా చేశాడని వాడకట్టంతా వినేలా తిట్టింది. పరువు కోసం వీరేశం గుంత నీళ్ల ట్యాంకర్ పంపుతానన్నాడు.

"నీళ్లు నీళ్లే గద వదినె. గవి కూడ మీ బావి నీళ్లే" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు.

ట్యాంకర్ పొద్దుగూకాక వచ్చింది. పెద్దలకు పెట్టనిదే ఆమె ముద్ద ముట్టదు కాబట్టి చీకటి పడుతున్నా చెలకకు పోయింది. ఆడవాళ్లంతా ఊళ్లో బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు దూరంగా వినిపిస్తున్నాయి. సమాధి ముందు విస్తరి వేసి, అన్నం, కోడికూర పెట్టింది. చెంబులో ట్యాంకర్ నీళ్లు పోసింది. ఆ పూట సమాధి దగ్గర చచ్చినవాళ్ల పేర్లే పిలవాలి. బతికున్నవాళ్ల పేరు నోట రాకూడదు. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

"జానయ్యా... వచ్చి తిను" అని పిలిచి, ఆనవాయితీ ప్రకారం వెనక్కి తిరిగి నిలబడింది.

చప్పట్లు ఆగిపోయాయి. క్వారీ మోటార్ల రొద కూడా ఆగింది. ఎండిన బావిలోంచి తడిరాయి వాసన వచ్చింది, దాని వెనకే డీజిల్ కంపు. చెంబు కదిలిన చప్పుడు... గుటక... మళ్లీ గుటక.

దగ్గు. బీడీ కాల్చినవాడి దగ్గు. అది బావిలోంచి వస్తోంది.

"యాదీ... గీ నీళ్లు యాడివి?"

ఇంటికి పరుగెత్తవలసింది. కానీ భయంకన్నా ముందు కోపం గొంతులోకి వచ్చింది.

"మనయే. గుంతల పడ్డయి. ఎత్తి మనకే పోస్తున్నరు."

"ఎవడు?"

"నీ తమ్ముడే... వీరేశం."

అన్నాక నాలుక కరచుకుంది. చాలాసేపటికి తిరిగి చూస్తే చెంబు ఖాళీగా ఉంది. అడుగున తెల్లటి పొడి.

తెల్లారేసరికి బావిలో మోకాలి లోతు నీళ్లు. తేటగా, తియ్యగా. అదే పొద్దున వీరేశం దూపతో లేచాడు. బిందె తాగాడు, ఇంకో బిందె తాగాడు. పెదాల చుట్టూ సున్నం పూసినట్టు తెల్లగా అయింది. నల్లగొండ దవాఖానలో సెలైన్లు ఎక్కించినా నాలుక తడవలేదు. వాడు ఎండేకొద్దీ బావి నిండింది. ఊరంతా బిందెలతో వరుస కట్టింది. వీరేశాన్ని చూడటానికి మాత్రం ఎవరూ పోలేదు.

రోజూ మునిమాపున బావి అడుగుతూనే ఉంది. "ఇంకెవరు...?" నీళ్లకు వచ్చినవాళ్లంతా విన్నారు, ముందు ఎవరి పేరు చెప్పిందో యాదలక్ష్మి నోటే రాబట్టారు.

యాదలక్ష్మికి చెప్పాలనే ఉంది. క్వారీ అసలు సేటు పేరు చెప్పాలి. ఊళ్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. మేనేజర్లు మారుతూ వచ్చారు, సేటు ఎన్నడూ ఊరు తొక్కలేదు. చివరికి వీరేశం మంచం దగ్గరికి పోయి అడిగింది.

వాడు పెదాలు విడదీయడానికే కష్టపడ్డాడు. "నాకు తెల్వదు వదినె... ఎన్నడు సూడనే లేదు."

"సూడనోనికి ఊరంత రాసిచ్చినవా?"

వాడు చెంబు వైపు చూశాడు. చెంబుతో నీళ్లు తాగించి వచ్చేసింది. మర్నాడు వాడు పోయాడు. బావి నిండటం ఆగింది. క్వారీ మోటార్లు నీళ్లు గుంజుతూనే ఉన్నాయి.

నీళ్లు దిగుతుంటే ఊళ్లో జనానికి యాదలక్ష్మి మీద ప్రేమ పొంగింది. ఒక్కొక్కరే వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో పేరు చెప్పి పోసాగారు. అరుణమ్మ తోడికోడలి పేరు చెప్పింది. పరమేష్ ఎదురు హోటల్ వాడి పేరు చెప్పాడు. భజన తప్ప ఇంకో మాట ఎరగని నర్సింగమ్మ ముగ్గురి పేర్లు తెచ్చింది. క్వారీవాణ్ని తిట్టడానికి రాని నోళ్లు దీనికి మాత్రం వచ్చాయని యాదలక్ష్మి అందరినీ చీపురుతో వెళ్లగొట్టింది. ఇక ఏ పేరూ చెప్పనని గడపలో నిలబడి ఒట్టేసింది.

మర్నాడు పొద్దున బావిలో నీళ్లు పైకి వచ్చి ఉన్నాయి.

ఆమె చెప్పలేదు. సమాధి ముందు ఒక స్టీలు గ్లాసు ఉంది. ఆమెది కాదు. అడుగున తెల్లటి పొడి.

ఎవరి పేరో అనుకుంటూ ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగింది. ఎండన పడి వచ్చాను కదా అనుకొని ఇంకో చెంబు తాగింది.

తర్వాత కుండ ఎత్తింది.