నాలుగో ఫిర్యాదు

రహమత్‌బీ జమ్మలమడుగు బస్సు దిగి నేరుగా వచ్చింది. ప్రొద్దుటూరు బజారులో మేడమీది ఆ గదికి మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. పైకొచ్చేసరికి ఆమె రొప్పుతోంది. ప్రైవేటు డిటెక్టివ్ హుమాయున్ కుర్చీ చూపించాడు. ఆయన సహాయకుడు కృపావరం నోటుపుస్తకం తెరిచాడు.

అది 1963 మార్చి. ఎండలు అప్పుడే చంపుతున్నాయి. హుమాయున్ మద్రాసు పోలీసు శాఖలో పాతికేళ్లు చేసి, విసిగిపోయి సొంత ఊళ్లో బోర్డు పెట్టుకున్నాడు. ఇక్కడా విసుగే దొరికింది. వచ్చేవన్నీ తప్పిపోయిన గొర్రెల కేసులూ, జరిపేసిన పొలం గట్ల కేసులూ. కృపావరం మాత్రం మిషన్ బడిలో పంతులుద్యోగం మానుకుని ఆయన వెంట చేరిన నాటి నుంచి, ఆయన దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునేవాడు.

"మా పిల్లోడు నూర్ అహ్మద్ దొంగ కాడన్నా," అంది రహమత్‌బీ. "ఈడ ట్రైనింగ్ కాలేజీలో ఫిట్టరు పని నేర్చుకుంటాండాడు. ఏదో సామాను పోయిందంట, వాని పెట్టెలో దొరికిందంట. ఎల్లుండి పేరు కొట్టేస్తామంటాండారు. పది దినాల్లో పరీచ్చ. అది పోతే వాని ఏడాదిన్నర చదువూ పోయినట్లే."

"ఎవురితోనన్నా తగువు పడినాడా?" అని అడిగాడు హుమాయున్.

"తగువేం లేదన్నా. పిల్లోళ్లంతా కలిసి పైకి అర్జీ పెట్టినారు. అక్షరాలు బాగుంటాయని వీనితో రాయించినారు."

హుమాయున్ నిట్టూర్చి చెప్పులు తొడుక్కున్నాడు. ఈ కథ ఎటు పోతుందో ఆయనకు సగం తెలిసిపోయింది. అదే ఆయన అలసటకు కారణం.

వృత్తి శిక్షణ కళాశాల ఎర్రగుంట్ల రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు. ప్రిన్సిపాల్ చెన్నకేశవులుకు ఫిట్టరు పని తెలియదు, కాగితం పని బాగా తెలుసు. అర్జీ నకలు వెంటనే తీసి ఇచ్చాడు. హుమాయున్ పైకి చదివాడు.

"ఒకటి, ఇరవైమందికి నాలుగు ఆకురాళ్లు, వాటికీ పళ్లు లేవు. రెండు, తాగడానికి నీళ్లు లేవు. మూడు, వారానికి రెండు పూటలు వరండా ఊడిపిస్తున్నారు. నాలుగు, పద్దెనిమిది నెలల్లో మైక్రోమీటరు ఒక్కసారి కూడా మా చేతికివ్వలేదు. బీరువా అద్దంలోంచి చూపిస్తున్నారు."

మైక్రోమీటరంటే అంగుళంలో వెయ్యోవంతు కొలిచే పనిముట్టు. లాడంలా వంగిన ఇనుప చట్రానికి రెండు మూతులు. పిడి తిప్పితే అవి దగ్గరకొచ్చి మధ్యనున్న వస్తువును పట్టుకుంటాయి. పోయిందీ, దొరికిందీ అదే.

"నాలుగోది నిజమేనా?"

"నిజమేనండీ. ఉన్నది ఒక్కటే. చెడిపోతే ఇంకొకటి రావడానికి రెండేళ్లు పడుతుంది. అందుకే ఇన్‌స్ట్రక్టరు ఓబుళరెడ్డి ఎవర్నీ ముట్టుకోనివ్వడు. సోమవారం ఈ అర్జీ మీద విచారణకు పైనుంచి మనిషి వస్తున్నాడు."

"బీరువా తాళంచెవి?"

"స్టోరు గోడకు వేలాడుతుంది. భోజనాల వేళ ఎవరైనా తీయొచ్చు. కుర్రాడి పెట్టెకు తాళమే లేదు, దారంతో కడతాడు. వెతికినప్పుడు నేనూ ఉన్నాను. స్టోరుకీపరు లాల్ బాషా కాగితం కొంచెం విప్పి చూపించాడు. అదేనని చూసి, ఉన్నదున్నట్టు సీలు వేశాను."

హుమాయున్ సీలు విప్పించాడు. నూనె కాగితంలో చుట్టిన మైక్రోమీటరు. ఒళ్లంతా పల్చగా నూనె పూసి ఉంది. రెండు మూతుల మధ్య కాగితం దూరేంత సందు ఉంది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ చుట్టేశాడు. కృపావరం ఏమీ అర్థం కాకపోయినా అంతా రాసుకున్నాడు.

నూర్ అహ్మద్ కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"నేనెందుకు తీస్తా సార్? తీసి ఏం జేయల్ల? దాని మీద కొలత చదివేదే రాదు నాకు."

"అర్జీ రాసినందుకు బాధపడతాండావా?"

"లేదు సార్. నీళ్ల సంగతి వద్దన్నారు, అది కూడా రాసినా."

లాల్ బాషా చేతులూపుకుంటూ మాట్లాడాడు. "తాళం తీసేది, వేసేది నా పని భాయ్. లోపలుండేవాటి పేర్లు గూడా నాకెరిక లేదు."

ఓబుళరెడ్డిది సింహాద్రిపురం. ముప్పై ఏళ్లు ఇనుముతో పనిచేసిన మనిషి. హుమాయున్ ముఖం చూడకుండా జవాబులిచ్చాడు.

"పిల్లోళ్ల మీద నాకేం పగ సాయిబూ? యాడ దొరికిందో అందరూ చూసినారు గదా."

"నాలుగో ఫిర్యాదు మీ మీదే కదా?"

"రాసుకోనీ. వాళ్ల చేతికిస్తే నెల తిరక్కుండా పాతినుము చేస్తారు."

ఆ సాయంత్రం హుమాయున్, బస్టాండు దగ్గర లేత్ మిషన్ మీద ఇనుప పని చేసే ఇనాయతుల్లా షాపులో అరగంట కూర్చున్నాడు. బయటికొచ్చాక మరింత అలసిపోయినట్టు కనిపించాడు.

మర్నాడు పొద్దున అందరినీ షెడ్డులో కూర్చోబెట్టించాడు. రహమత్‌బీ వాకిట్లో కూర్చుంది. బల్ల మీద మైక్రోమీటరు, ఒక మేకు, పాతగుడ్డ, నూనె డబ్బా, నూనె కాగితం ఉన్నాయి.

"ఒక్కొక్కరే వచ్చి ఈ మేకు కొలిచి, సామాను మళ్లీ భద్రంగా చుట్టి పెట్టండి. మీరూ రావాల ప్రిన్సిపాల్ గారూ."

ముందు విద్యార్థులు వచ్చారు. పద్దెనిమిది నెలల తర్వాత అది మొదటిసారి చేతికొచ్చింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు, ఎటు తిప్పాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మూతులు రెండూ గట్టిగా బిగించి కాగితం చుట్టారు. నూర్ అహ్మద్ కూడా అంతే. లాల్ బాషా ఇంకా బిగించి, "లూజుగుంటే ఊడిపోతాది భాయ్" అన్నాడు. చెన్నకేశవులు కాగితం మడతలు చక్కగా పెట్టాడు, మూతులు మాత్రం బిగించే పెట్టాడు. నూనె డబ్బా ఎవరూ ముట్టుకోలేదు.

ఓబుళరెడ్డి చివర వచ్చాడు. ఇరవైరెండు మంది చెమట చేతులు తగిలిన ఆ పనిముట్టును చూసి ఆయన ముఖం మాడిపోయింది. గుడ్డతో తుడిచాడు. నూనె పూశాడు. మూతులు కలిపి, మళ్లీ అరచుట్టు వెనక్కి తిప్పి, కాగితం అందుకున్నాడు. అంతలో ఆయన చేయి ఆగిపోయింది.

"చుట్టండి, చుట్టండి," అన్నాడు హుమాయున్ మెల్లగా. "పెట్టెలో ఇట్లనే ఉన్నింది."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎండకు ఇనుము సాగుతుందంట. మూతులు బిగించి పెడితే ఒకదాన్నొకటి నొక్కుకుని కొలత చెడుతుంది. అందుకే పని తెలిసినోడు సందు వదుల్తాడు, చెమటకు తుప్పు పట్టకుండా నూనె పూస్తాడు. దీన్ని ఆ పెట్టెలో పెట్టినోనికి ఆ అలవాటుంది. మీరు వీళ్లకు నేర్పించి ఉంటే ఇరవైమందిలో ఎవురన్నా కావచ్చు, నేనేమీ చెప్పలేకపోయేవాణ్ని. నేర్పలేదు కాబట్టి మీరొక్కరే మిగిలినారు."

కృపావరం కళ్లు మెరిశాయి. హుమాయున్ కళ్లలో ఏ మెరుపూ లేదు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఓబుళరెడ్డి బల్ల అంచు పట్టుకున్నాడు. "రాసినోడు దొంగయితే అర్జీని ఎవురు చూస్తారులే అనుకున్నా. ముప్పై ఏండ్ల సర్వీసు సాయిబూ. పెన్నేట్లో పారేసింటే నేను దొరికేవాణ్ని కాదు. చేతులు రాలేదు."

చెన్నకేశవులు కాగితం తీశాడు. నూర్ అహ్మద్ పేరు కొట్టేయడం లేదని రాశాడు. ఓబుళరెడ్డి ఈ సాయంత్రంతో బాధ్యత అప్పగించి వెళ్లాలని ఇంకో కాగితం రాశాడు.

"పరీచ్చ రాయొచ్చునా సామీ?" అని వాకిట్లోంచి అడిగింది రహమత్‌బీ.

"రాయొచ్చమ్మా," అన్నాడు చెన్నకేశవులు.

"రాసి ఏం జేయల్లమ్మా?" అన్నాడు నూర్ అహ్మద్. "పరీచ్చలో దీంతోనే కొలవమంటారు. కొత్త సారు ఎప్పుడొస్తాడు సార్?"

ప్రిన్సిపాల్ కలానికి మూత పెట్టాడు. పైనుంచి కొత్త ఇన్‌స్ట్రక్టరు రావాలంటే ఎన్ని నెలలు పడుతుందో ఆయనకు తెలుసు.

నూర్ అహ్మద్ బల్ల దగ్గరికి నడిచాడు. తనను దొంగను చేసిన మనిషి ఎదురుగా నిలబడ్డాడు. వాడికి కోపం లేదని కాదు, దవడలు బిగిసే ఉన్నాయి. అయినా కాగితం విప్పి మైక్రోమీటరు ఆయన ముందు పెట్టాడు.

"సాయంత్రందాకా ఉంటారు గదా సార్. చూపించి పోండి."

ఓబుళరెడ్డి పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఆ కుర్రాడి వేళ్లను తన చేత్తో పట్టుకుని పిడి మీద సరిగ్గా పెట్టాడు.

"బలం పెట్టొద్దు. వేలికొనల్తోనే తిప్పల్ల. నువ్వు చూసినాక పక్కనోనికియ్యి."